తీగలు సాగే జిగురు ముచ్చట

చెల్లీ, నువ్వు పంపిన సీసా ఫొటో చూశాను. "పాలీగ్లూటమిక్ యాసిడ్ సీరం అక్కా, అందరూ ఇదే వాడుతున్నారు, కొననా వద్దా, ఒక్క మాటలో చెప్పు" అన్నావు. ఒక్క మాటలో తేలే వ్యవహారం కాదే ఇది. ముప్ఫై మిల్లీలీటర్ల బుడ్డి వందల్లో మొదలై వేలల్లోకి పోతోంది. ఆ బుడ్డిలో ఉన్నదేమిటో, ఎక్కడ పుట్టిందో, ఎవరు చేశారో తెలియకుండా కొంటే డబ్బులు దండగ, తెలియకుండా వద్దనడమూ అన్యాయమే. తీరిగ్గా ఉన్నావుగా, కాఫీ కలుపుకుని కూర్చో.

ముందు నీకు నవ్వొచ్చే సంగతి. ఫాస్ట్‌ఫుడ్ బండి ముందు నిలబడి "అన్నా, అజినమోటో వెయ్యొద్దు" అని గట్టిగా చెప్తావు చూడు, ఆ అజినమోటోకి, నువ్వు ముఖానికి రాసుకోవాలనుకుంటున్న దానికి మూలం ఒక్కటే. గ్లూటమిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లం. 1866లో జర్మనీలో రిట్‌హౌజెన్ అనే ఆయన గోధుమ జిగురులోంచి దాన్ని మొదటిసారి వేరు చేశాడు. 1908లో జపాన్‌లో ఇకెదా కికునాయె అనే ప్రొఫెసరు కొంబు అనే సముద్రపు నాచు రసానికి అంత రుచి ఎందుకొస్తుందా అని వెతికితే తేలింది కూడా ఇదే. ఆ ఆమ్లానికి సోడియం కలిపితే అజినమోటో. అదే ఆమ్లం వేలకొద్దీ అణువులుగా ఒకదానికొకటి తగులుకుని పొడుగాటి గొలుసైతే పాలీగ్లూటమిక్ యాసిడ్. అజినమోటో మీద నీకున్న భయంలో సగం పుకారేననుకో, కానీ ఆ గొడవ ఇంకోసారి మాట్లాడుకుందాం.

గొలుసు అంటే ఎంత పొడుగని? మంచి రకం జిగురు అణువు బరువు పది లక్షల డాల్టన్ల దాకా ఉంటుంది, అంతకు మించి కూడా ఉంటుంది. లెక్కేసి చూస్తే ఒక్కో గొలుసులో గ్లూటమిక్ ఆమ్లాలు ఏడు వేల పైచిలుకు. అంత పొడుగు గొలుసులు నీళ్లలో ఒకదాన్నొకటి పెనవేసుకుంటాయి కాబట్టే వేళ్ల మధ్య పట్టి లాగితే తీగలు సాగుతుంది.

తీగలు సాగడం అనగానే మన వంటింటి ఆడవాళ్లకు గుర్తొచ్చేది ఒకటే, పాచిపోయిన పప్పు! ఎండాకాలం మధ్యాహ్నం వండిన పప్పు రాత్రికి గరిటెతో ఎత్తితే జిగటగా తీగ లేచిందంటే ఇంకో ఆలోచన లేకుండా పారబోస్తాం. అమ్మలు, అమ్మమ్మలు మైక్రోస్కోపులు చూసి చెప్పారా? ఆ తీగ చూసే చెప్పారు. మంచి పనే చేశారు. అయితే అదే తీగను కావాలని పుట్టించుకుని, ఎంత సాగితే అంత బాగా కుదిరిందని మురిసిపోయి తినేవాళ్లు ఈ భూమ్మీద చాలామంది ఉన్నారు. మన దేశంలోనే ఉన్నారు.

జపాన్ వాళ్ల నాట్టో గురించి వినే ఉంటావు. సోయా గింజల్ని నానబెట్టి, మెత్తగా ఆవిరి మీద ఉడికించి, వేడి తగ్గకముందే వరిగడ్డిలో చుట్టేవారు. గడ్డిలో బాసిల్లస్ సబ్టిలిస్ అనే బ్యాక్టీరియా ఉంటుంది. మట్టిలో, ఎండుగడ్డిలో ఎక్కడ చూసినా ఉండేదే. దాని ప్రత్యేకత ఏమిటంటే కష్టకాలం వస్తే గట్టి బీజంలా ముడుచుకుపోతుంది, మరిగే నీళ్లు పోసినా చావదు. గడ్డిని వేడినీళ్లలో ముంచితే మిగతా క్రిములు చాలావరకు పోతాయి, ఇది మాత్రం బతికి బట్టకట్టి గింజల మీద పడుతుంది. నలభై డిగ్రీల వేడిలో ఒక రోజు ఉంచితే గింజలన్నీ జిగురు కట్టేస్తాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో సవామురా షిన్ అనే శాస్త్రవేత్త నాట్టోలోంచి ఈ బ్యాక్టీరియాను విడదీశాక గడ్డి అవసరం పోయింది. ఇప్పుడు ఫ్యాక్టరీల్లో శుద్ధమైన తోడు చల్లి చిన్న చిన్న డబ్బాల్లో చేస్తున్నారు. తినేముందు పుల్లలతో గిరగిరా తిప్పి, నురగలా తీగలు లేచాక అన్నం మీద వేసుకుంటారు. ఆ తీగల్లో ఉన్నదే నీ సీరంలోది. దాంతోపాటు లెవాన్ అనే చక్కెర గొలుసు కూడా కొంత ఉంటుంది. వాసన సంగతి అడక్కు. జపాన్‌లోనే ఒసాకా వైపు వాళ్లు నాట్టో అంటే ముఖం చిట్లిస్తారని పేరు.

ఇక మన ఈశాన్యానికి రా. మణిపూర్‌లో హవాయిజార్, నాగాలాండ్‌లో అఖుని, మేఘాలయలో తుంగ్రింబాయి, మిజోరంలో బేకాంగ్, సిక్కిం, డార్జిలింగ్ కొండల్లో కినెమా. పేర్లు వేరు, పద్ధతుల్లో తేడాలున్నాయి, కానీ అన్నీ ఉడికించిన సోయా గింజల మీద ఈ బాసిల్లస్ కుటుంబం చేసే పనే. ఆకుల్లో చుట్టి పొయ్యి దగ్గరో ఎండలోనో వెచ్చగా ఉంచుతారు. కినెమాకైతే చిటికెడు కట్టెల బూడిద కూడా కలుపుతారు. ఇవన్నీ చేసేది, సంతకు తెచ్చి అమ్మేది ఎక్కువగా ఆడవాళ్లే. ఇంఫాల్‌లో ఆడవాళ్లే నడిపే ఇమా కైతెల్ బజారు గురించి నీకు చెప్పక్కర్లేదనుకుంటా. 2019లో 'అఖుని' పేరుతోనే హిందీ సినిమా వచ్చింది. ఢిల్లీలో అద్దెకున్న ఈశాన్యపు పిల్లలు స్నేహితురాలి పెళ్లికి అఖునితో పంది మాంసం వండబోతే, ఆ వాసనకి ఇరుగుపొరుగు చేసే రభస అంతా అందులో ఉంది. మన హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో అలాంటి పిల్లలు అద్దెకొస్తే మనం మాత్రం ఏం చేస్తాం? ఎండుచేపల కూర వండితేనే కిటికీలు వేసుకునే మనుషులం కదా!

అన్నట్టు, ఇక్కడో హెచ్చరిక చెప్పకపోతే పాపం నాకే తగులుతుంది. "అయితే పాచిపప్పు కూడా సీరమేనా అక్కా" అని ప్రయోగాలు చేసేవు. వద్దు. తీగ లేచిన పప్పులో చేరినది ఏ క్రిమో నీకూ నాకూ కంటికి తెలియదు. ఈ బాసిల్లస్ వంశంలోనే సీరియస్ అనే ఒక దుర్మార్గురాలుంది. గది వేడిలో వదిలేసిన అన్నంలో, పప్పులో అది చేరి విడిచే ఒక రకం విషం మరిగించినా పోదు. "వేడి చేస్తే సరిపోతుందిలే" అనే మాట ఇక్కడ చెల్లదు. వాళ్లు తరతరాలుగా మంచి తోడును కాపాడుకుంటూ చేసేది వేరు, మనం మరిచిపోయి పొయ్యి గట్టు మీద వదిలేసింది వేరు.

ఇంకో అపోహ కూడా తీర్చేస్తాను. బెండకాయ జిగురు, మినప్పిండి జిగురు కూడా ఇదేనా అంటే కాదు. రెండూ చక్కెర అణువుల గొలుసులే. మినప్పిండిలో పొంగిన గాలి బయటికి పోకుండా పట్టుకుని ఇడ్లీని మెత్తగా ఉంచేది ఒక చక్కెర జిగురు. సీరం వాళ్లు పక్కన పెట్టి పోల్చే హయలురానిక్ యాసిడ్ కూడా ఆ జాతిదే. ఇది మాత్రం అమైనో ఆమ్లాల గొలుసు. అలాగని మామూలు మాంసకృత్తి కూడా కాదు. అసలు రుచి అంతా ఇక్కడే ఉంది, కాస్త ఓపికగా విను.

గ్లూటమిక్ ఆమ్లాన్ని మూడు చేతులున్న పిల్ల అనుకో. ఒకటి అమైన్ చెయ్యి. మిగతా రెండూ ఆమ్లపు చేతులు, ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది. మన ఒంట్లో, పప్పులో, గుడ్డులో ఉండే మాంసకృత్తుల్లో ఈ పిల్లలు పక్కదాని పొట్టి చేతిని పట్టుకుని వరసకడతారు. ఈ జిగురులో మాత్రం పొడుగు చేతిని పట్టుకుంటారు. అంతే తేడా. దాన్నే గామా బంధం అంటారు. కానీ ఆ ఒక్క తేడాతో కథంతా మారిపోయింది. మన జీర్ణరసాల్లో మాంసకృత్తుల్ని కత్తిరించే ఎంజైములకి అలవాటైన ముడి వేరు, ఇక్కడ పడ్డ ముడి వేరు. కాబట్టి వాటికి ఇది ఓ పట్టాన తెగదు. పైగా ప్రతి పిల్లకీ ఒక ఆమ్లపు చెయ్యి ఖాళీగా మిగులుతుంది. నీళ్లలో ఆ ఖాళీ చేతులన్నిటికీ రుణ విద్యుదావేశం ఉంటుంది. ఆ చేతులే నీళ్లను దగ్గరికి లాక్కుంటాయి, కాల్షియాన్ని పట్టుకుంటాయి, సీసం లాంటి లోహాల్ని కూడా ఒడిసిపడతాయి. సీరం నుంచి చెరువు నీళ్ల దాకా దీని ఉపయోగాలన్నీ ఆ ఖాళీ చేతుల చలవే.

బ్యాక్టీరియాకి ఈ జిగురుతో ఏం పని అంటావా? తన చుట్టూ తడి ఆరిపోకుండా కాపాడుకోవడానికి పనికొస్తుంది, తిండి అయిపోయినప్పుడు తన దగ్గరున్న ప్రత్యేకమైన ఎంజైముతో తెంపుకుని తినేస్తుంది కూడా. కరువుకి దాచుకున్న గాదె అన్నమాట.

అయితే దీన్ని మొట్టమొదట గుర్తించింది నాట్టోలో కాదు, ఒక భయంకరమైన చోట. పశువుల్ని చంపే ఆంత్రాక్స్ క్రిమి ఒంటి మీద. విశాఖ మన్యంలో చచ్చిన పశువు మాంసం తిని జనానికి సోకిందని అప్పుడప్పుడూ పేపర్లో చదువుతుంటామే, ఆ రోగమే. 1937లో హంగరీ శాస్త్రవేత్తలు ఇవానోవిచ్, బ్రుక్నెర్ ఆ క్రిమి తొడుక్కున్న కవచం ఈ గొలుసుతో చేసిందని కనిపెట్టారు. మన రక్తంలోని కాపలా కణాలు ఆ కవచం ఉన్న క్రిమిని సరిగ్గా మింగలేవు. అయిదేళ్లకి, 1942లో, బోవర్నిక్ అనే ఆయన సాధు జంతువులాంటి సబ్టిలిస్ కూడా ఇదే గొలుసును తయారుచేసి, ఒంటికి అంటిపెట్టుకోకుండా బయటికి వదిలేస్తుందని చూపించాడు. కంగారుపడకు, జిగురు విషం కాదు. నరరూప రాక్షసుడు నూలు చొక్కా తొడుక్కున్నాడని మనం నూలు మానేస్తామా?

సరే, నీ బుడ్డి దగ్గరికి వద్దాం. "తన బరువుకు ఐదు వేల రెట్లు నీళ్లు పడుతుంది" అని రాసుంది కదా. నాకు ఒళ్లు మండే మాట అది. లెక్క చూడు, ఒక గ్రాము పొడి ఐదు లీటర్ల నీళ్లు పట్టుకోవాలి. ప్రయోగశాలల్లో ఈ గొలుసుల్ని గామా కిరణాలతో ఒకదానికొకటి బిగించి వలలాంటి జెల్ చేస్తే, అది శుద్ధమైన డిస్టిల్డ్ నీళ్లలో వేల రెట్లు ఉబ్బిన మాట నిజమే. కానీ నీ సీరంలో ఉన్నది అలా బిగించిన జెల్ కాదు, నీళ్లలో కరిగిన గొలుసు. పైగా ఆ జెల్‌ని కూడా ఉప్పునీళ్లలో వేస్తే ఉబ్బు ఒక్కసారిగా పడిపోతుంది. మన చెమట ఏమిటి మరి, పన్నీరా? మే నెలలో విజయవాడ బస్టాండులో నిలబడ్డ ముఖం మీద ఐదు వేల రెట్ల లెక్క ఎవరూ చేసి చూడలేదు.

అలాగని అది పనికిరాదని అనను. గొలుసు పెద్దది కాబట్టి చర్మంలోకి దిగదు, పైనే పల్చటి పొరలా పరుచుకుంటుంది. ఆ పొర కాస్త తేమను పట్టుకుంటుంది, చర్మంలోని తడి ఆవిరై పోవడాన్ని కొంత తగ్గిస్తుంది, ముఖం నున్నగా కనిపిస్తుంది. కడిగేస్తే పోతుంది. ముడతలు పోవడం, వయసు వెనక్కి పోవడం లాంటి మాటలు డబ్బా మీద ఉంటే నవ్వేసి ఊరుకో. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో పాలీగ్లూటమిక్ యాసిడ్ అనో, సోడియం పాలీగ్లూటమేట్ అనో, నాట్టో గమ్ అనో ఉంటుంది. జాబితాలో అది ఎక్కడుందో చూడు. ఎక్కువ ఉన్నవి ముందు, తక్కువ ఉన్నవి వెనక రాస్తారు. ఇది మామూలుగా అడుగునే ఉంటుంది. ఎక్కువ వేస్తే సీరం బంకలా అయిపోతుంది కాబట్టి వాళ్లు వెయ్యలేరు కూడా. జాబితాలో పైన ఉండేది నీళ్లు, తర్వాత గ్లిజరిన్. ఆ గ్లిజరిన్ మందుల షాపులో ఎంతకొస్తుందో నీకు తెలుసు.

కొంటానంటావా, కొనుక్కో. ముఖం కడుక్కుని తడి పూర్తిగా ఆరకముందే రెండు చుక్కలు రాసి, పైన నీ మామూలు క్రీము పెట్టు. ఎక్కువ రాస్తే ఉండలు ఉండలుగా లేచి చీదరగా ఉంటుంది. ఆదిలాబాద్ చలికాలంలో ఉన్నవాళ్లకి పనికొచ్చినంతగా కాకినాడ ఉక్కలో ఉన్నవాళ్లకి పనికిరాదు. మామూలు గ్లిజరిన్ క్రీముతోనే చర్మం బాగుంటే, దీనికోసం పాలవాడి బాకీ ఆపాల్సినంత అవసరమైతే లేదు.

ఇంత చిన్న బుడ్డికి అంత ధర ఎందుకంటే ప్రచారం ఖర్చు ఒకటి, తయారీ కష్టం ఇంకోటి. తయారీ సంగతి చెప్తా, నాకు ఇష్టమైన భాగం. పెద్ద ఉక్కు ట్యాంకులో గ్లూకోజ్, సిట్రిక్ ఆమ్లం, నత్రజని లవణాలు, కొంచెం మెగ్నీషియం, మాంగనీసు లాంటివి, వాటితోపాటు గ్లూటమిక్ ఆమ్లం కూడా వేసి, సబ్టిలిస్‌నో దాని చుట్టం లైకెనిఫార్మిస్‌నో తోడు వేస్తారు. గ్లూటమిక్ ఆమ్లం బయటి నుంచి ఇవ్వకపోయినా చక్కెర నుంచి తనే చేసుకునే రకాలూ ఉన్నాయి, కానీ వాటి దిగుబడి సాధారణంగా తక్కువ. 37 డిగ్రీల వేడి, రెండు మూడు రోజులు, అడుగు నుంచి ఆగకుండా గాలి. మొదటి రోజు అంతా బాగానే ఉంటుంది. జిగురు తయారయ్యేకొద్దీ ట్యాంకులోది పాకంలా చిక్కబడుతుంది. చిక్కబడితే గాలి కలవదు, తెడ్డు తిరగదు, క్రిములకి ఊపిరాడదు. అంటే అది ఎంత బాగా పనిచేస్తే అంత తొందరగా తన గొంతు తనే నొక్కుకుంటుందన్నమాట. లీటరుకి నలభై యాభై గ్రాములొస్తే మంచి దిగుబడి కిందే లెక్క.

ఆ పాకంలోంచి క్రిముల్ని తీసెయ్యడం ఇంకో యాతన. బంకలో చిక్కుకున్నవి ఎంత గిరగిరా తిప్పినా అడుక్కి దిగవు. అందుకని కాస్త ఆమ్లం చేర్చి పలచబరుస్తారు. ఆమ్లం తగిలితే ఆ ఖాళీ చేతుల ఆవేశం తగ్గి, బిగదీసుకున్న గొలుసులు ముడుచుకుంటాయి, జిగట దిగుతుంది. అప్పుడు క్రిములు వేరుపడతాయి. మిగిలిన ద్రవంలో మూడు నాలుగింతల ఆల్కహాల్ పోస్తే తెల్లటి పోగుల్లా జిగురు విడిపోతుంది. ఆ పోగుల్ని శుభ్రం చేసి ఆరబెడితే తెల్లటి పొడి. ఆల్కహాల్ ఖర్చు, గ్లూటమిక్ ఆమ్లం ఖర్చు, గాలి కొట్టే కరెంటు ఖర్చు, ఇవే దీన్ని ప్రియం చేశాయి. అందుకే చెరుకు మొలాసిస్‌తో, బయోడీజిల్ చేయగా మిగిలే గ్లిజరిన్‌తో పండించాలని చాలాచోట్ల ప్రయత్నిస్తున్నారు.

ఇంత కష్టపడి తీసిన దాన్ని ముఖానికే రాసుకోవాలా? చేదు మందుల చేదు తెలియకుండా చేయడానికి, ఫ్రీజర్లో పెట్టిన పిండి, నూడుల్స్ పాడవకుండా ఉండటానికి, పొలంలో ఎరువు నీళ్లతో కొట్టుకుపోకుండా పట్టుకోవడానికి, ఇలా చాలాచోట్ల వాడుతున్నారు. క్యాన్సర్ మందును ఇలాంటి గ్లూటమిక్ గొలుసుకే కట్టి పంపాలని పెద్ద ఎత్తున పరీక్షలు చేశారు, అది మందుల షాపు దాకా రాలేదు. అక్కడ మామూలు మాంసకృత్తుల ముడి ఉన్న గొలుసు వాడారులే, రెండూ ఒకటనుకునేవు.

మన వయసు ఆడవాళ్లకి ఆసక్తి కలిగించేది కాల్షియం ముచ్చట. తిన్న కాల్షియం చిన్నపేగులోకి వెళ్లేసరికి ఫాస్ఫేటుతో కలిసి కరగని ముద్దలా మారి వృథాగా పోతుంటుంది. ఈ జిగురు తన ఖాళీ చేతులతో కాల్షియాన్ని పట్టుకుని కరిగి ఉండేలా చూస్తుంది, కరిగి ఉంటే ఒంటికి పడుతుంది. 2007లో జపాన్ పరిశోధకులు ముట్లు ఆగిపోయిన ఆడవాళ్లకి కాల్షియంతో పాటు ఇది ఒక మోతాదు ఇచ్చి చూస్తే, ఒంటికి పట్టిన కాల్షియం పెరిగింది. చిన్న పరిశోధనే. దాన్ని పట్టుకుని ఎముకలు ఇనుములవుతాయని చెప్పలేం. నీ రాగిజావ, నీ పెరుగు మానకు.

నాట్టో తిందామన్న సరదా పుడితే మాత్రం రెండు జాగ్రత్తలు. మీ మామగారిలా గుండె వాల్వు మార్పించుకుని వార్ఫరిన్ మాత్రలు వేసుకునేవాళ్లు దాని జోలికి పోకూడదు. అందులో కె విటమిన్ చాలా ఎక్కువ, మాత్ర పనిని చెడగొడుతుంది. రెండోది వింటే ఆశ్చర్యపోతావు. నాట్టో తిన్న ఐదారు గంటలకో, పది పన్నెండు గంటలకో దద్దుర్లు లేచి, ఊపిరాడక ఆస్పత్రిలో పడేవాళ్లు జపాన్‌లో కొందరున్నారు. సాయంత్రం తింటే అర్ధరాత్రి వస్తుంది కాబట్టి నాట్టో మీద అనుమానమే రాదు. యోకొహామా వైద్యులు ఆరా తీస్తే ఒంటికి పడనిది ఈ జిగురేనని తేలింది. తొందరగా అరగదు కదా, నిదానంగా తెగి లోపలికి చేరేసరికి అంత ఆలస్యం. ఆ రోగుల్లో చాలామంది సముద్రపు అలల మీద సర్ఫింగ్ చేసేవాళ్లు. అలలకీ నాట్టోకీ ఏమిటి సంబంధం? జెల్లీఫిష్! అది కుట్టే కణాల్లో ఇదే జిగురు కిక్కిరిసి ఉంటుంది. దాని చుట్టం హైడ్రాలో కొలిస్తే ఆ కణం లోపలి ఒత్తిడి మామూలు గాలి ఒత్తిడికి నూట యాభై రెట్లు ఉంది. ఆ ఒత్తిడితోనే ముల్లు విసురుగా దూసుకొస్తుంది. జెల్లీఫిష్ కుట్టిన ప్రతిసారీ కాస్త జిగురు ఒంట్లోకి ఎక్కి, ఒళ్లు దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. ఆ తర్వాత కంచంలో కనబడగానే యుద్ధం. భీమిలి తీరంలో జెల్లీఫిష్ కుట్టించుకున్న చరిత్ర ఉంటే నాట్టో ముందు నీ డాక్టరుతో ఒక మాట అను.

నన్నడిగితే ఈ జిగురు చేసిన అన్నిటికంటే గొప్ప పని నీళ్లను తేటపరచడం. 1995 జనవరిలో జపాన్‌లోని కోబెను భూకంపం కుదిపేసింది. కుళాయిలు ఆగిపోయి జనం నీళ్ల కోసం బారులు తీరారు. అది చూసిన ఒసాకా వ్యాపారి ఓదా కనెతోషికి నాట్టో జిగురు మీద జరిగిన పాత పరిశోధనలు గుర్తొచ్చాయట, చెరువుల్లోని మురికినీళ్లనే శుభ్రం చేసుకోలేమా అని. 2002లో నిప్పాన్ పాలీగ్లూ అనే కంపెనీ పెట్టాడు. నాట్టో అంటే ముక్కు మూసుకునే ఒసాకా నుంచే ఇది పుట్టిందంటే నాకు భలే సరదాగా ఉంటుంది. జిగురుకి కాల్షియం లవణాలు కలిపి చేసిన పొడి అది. బురదనీళ్లలో వేసి కలిపితే తేలుతున్న మట్టి రేణువులన్నీ ఒకదానికొకటి అతుక్కుని గడ్డలై అడుగుకు దిగుతాయి, పైన తేటనీళ్లు. వంద గ్రాములతో వెయ్యి లీటర్లు.

ఇది మనకి కొత్త కాదులే. గోదావరికి ఎర్రనీళ్లు వచ్చినప్పుడు ఇండుపగింజ, అదే చిల్లగింజ, బిందె లోపల అరగదీసి నీళ్లు పోసేవారు. మునగ గింజల పొడీ వేసేవారు. పటిక ఇప్పటికీ తిప్పుతున్నాం. పని ఒకటే, రేణువుల్ని జతకట్టించి కిందికి దించడం. పటిక వేస్తే నీళ్లలో అల్యూమినియం చేరుతుంది, నీళ్ల పులుపూ మారుతుంది. తినే పదార్థం లాంటి ఈ పొడితో ఆ బెడద లేదు. ధర మాత్రం పటికతో పోటీ పడలేదు.

2007లో సిద్ర్ తుఫాను బంగ్లాదేశ్‌ని ముంచేశాక ఓదా ఈ పొడి పట్టుకుని అక్కడికి వెళ్లాడు. దానమిచ్చిన పొడి ఎన్నాళ్లు? అయిపోతే మళ్లీ చెరువు నీళ్లే. అందుకని అమ్మే ఏర్పాటు చేశాడు, అమ్మడానికి ఊరి ఆడవాళ్లనే పెట్టాడు. జపాన్‌లో యాకుల్ట్ అమ్మే ఆడవాళ్లు ఇంటింటికీ తిరుగుతారు చూడు, ఆ పద్ధతి. వాళ్లని పాలీగ్లూ లేడీస్ అంటారు. ఊళ్లోకి వెళ్లి, వాళ్ల చెరువులోంచే ఒక బకెట్టు నీళ్లు తెప్పించి, పొడి వేసి కర్రతో తిప్పి, అందరి ముందూ తేట తేల్చి చూపిస్తారు. చూసినవాళ్లు కొంటారు. నెల తిరిగేసరికి చేతిలో సొంత డబ్బులుంటాయి. పొడితో మట్టి దిగుతుంది గానీ క్రిములన్నీ చావవు. అందుకే తేటనీళ్లు వంపుకున్నాక క్లోరిన్ వెయ్యడమో మరిగించడమో చేయమని కూడా వాళ్లే చెప్పాలి. మీ మహిళా సంఘంలో వరదల కాలానికి ఏం చేద్దామని మాట్లాడుకుంటున్నామన్నావుగా, ఈసారి మీటింగులో ఈ బంగ్లాదేశ్ ముచ్చట పెట్టు. ఆ పొడి దొరక్కపోయినా పటిక, క్లోరిన్ మాత్రలు, రెండు బకెట్లు ఉంటే చూపించడం మీకూ వస్తుంది.